ఎనిమిదో వంతు నిదానం

బస్సు ఆగిపోవడానికి పది నిమిషాల ముందే నా పక్క సీటు మనిషి లేచి డ్రైవరు దగ్గరికి వెళ్ళి, "ఇంజను బెల్టు తెగబోతోంది, పక్కన ఆపుకో అన్నా," అని చెప్పి వచ్చాడు. డ్రైవరు అద్దంలోంచి అతన్ని ఎగాదిగా చూసి, "టికెట్టు తీసుకుంది కూర్చోడానికా, నాకు పాఠం చెప్పడానికా?" అన్నాడు. పది నిమిషాలకు ఠప్పుమని చప్పుడైంది. బస్సు రోడ్డు పక్కన కంకరలోకి దిగి, నిట్టూర్చి నిలబడింది. అటు చెట్టు లేదు, ఇటు కొట్టు లేదు.

నిజానికి అతను లేచి వెళ్ళేటప్పుడు నేను ఒక సంగతి చెబుతున్నాను. రైళ్ళు రాకముందు ఏ ఊరి గడియారం ఆ ఊరిదేనని ఎక్కడో చదివాను. ఎవరి సూర్యుడు వాళ్ళ నడినెత్తికొస్తేనే వాళ్ళకు మధ్యాహ్నం. ఈ ఊళ్ళో పన్నెండు కొడితే పడమటి పక్క ఊళ్ళో ఇంకా అయిదు నిమిషాలు తక్కువ. ఎవరూ ఎవరితోనూ తగువు పడలేదు. రైళ్ళొచ్చాకే గొడవంతా. ఇంతవరకూ వచ్చేసరికి వింటున్న మనిషి "ఊ" కూడా అనకుండా లేచి వెళ్ళిపోయాడు. దేశాలు పట్టి తిరిగే వాడికి మర్యాదల పట్టింపు ఉండకూడదు గానీ, నాకు కాస్త చురుక్కుమంది.

ఇప్పుడు మళ్ళీ లేచి ఇంజను మూత కింద తల దూర్చాడు. ఈసారి డ్రైవరు పక్కన నిలబడి టార్చి పట్టుకున్నాడు. వెనక వచ్చే బస్సులో కొత్త బెల్టు పంపిస్తారట, గంట పడుతుందట. అతను చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన చతికిలబడి, "ఊ, రైళ్ళొచ్చాయి. తర్వాత?" అన్నాడు.

చురుకు అక్కడికక్కడే చల్లారింది.

యాభై మూడేళ్ళుంటాయి. పొట్టి మనిషి, అరచేతులు మాత్రం పెద్దవి. ఒళ్ళో ఒక రేకు పెట్టె. వాళ్ళ ఊళ్ళో అందరూ అతన్ని "చెవి" అని పిలుస్తారట. "చెవికి కబురు చెయ్యి", "చెవి వచ్చాడా" అని. లిఫ్టులు, తూకం మిషన్లు, బేకరీల్లో పిండి కలిపే యంత్రాలు, ఏది మొరాయించినా ముందు విప్పడు, వింటాడు. వాళ్ళ నాన్న కుట్టుమిషన్లు బాగుచేసేవాడట. "మిషను తన బాధ తనే చెబుతుందిరా, నువ్వు మధ్యలో మాట్లాడకు" అనేవాడట. ఆ ఒక్క ముక్కే అతనికి దక్కిన ఆస్తి.

రైళ్ళ కోసం ఊళ్ళన్నీ తమ గడియారాలు ఒకే టైముకు దిద్దుకోవడంతో నా కథ పూర్తయ్యాక అతను రోడ్డుకేసి చూశాడు.

"మీరు చెప్పింది నా కథే, పెద్దాయనా," అన్నాడు. "ఒక ఊరికి ముప్పై ఒక్క ఏళ్ళుగా వేరే టైము నడుస్తోంది. నేనే పెట్టాను. ఇవాళ రైలొచ్చేసింది."

తర్వాత చెప్పింది ఇది. ఇరవై రెండేళ్ళ వయసులో అతను వీడియో గేము మిషన్లు నడిపే ఆసామి దగ్గర పనికి కుదిరాడు. బీరువా అంత మిషన్లు. నాణెం వేస్తే ఆట. ఆరేడు ఊళ్ళ బస్టాండ్లలో, సినిమా హాళ్ళలో పెట్టి ఉండేవి. ఇతను మోపెడు మీద తిరుగుతూ బాగుచేసేవాడు. వాటిలో అందరూ ఎగబడేది ఒకటుంది. తెర మీద దాని పేరు ఎవరికీ చదవడం రాని ఏదో లిపిలో ఉండేది. జనం ఊరుకుంటారా, తామే ఒక పేరు పెట్టేశారు: లాంతరు తాత. ఒక ముసలాయన లాంతరు పట్టుకుని చీకటి కోటలోకి వెళ్తాడు. ఏడు గుమ్మాలు దాటాలి. ఆటలో ఒక పాట మోగుతూ ఉంటుంది, ఆ పాటకు తాళం వేసినట్టు తలుపులు తెరుచుకుని మూసుకుంటాయి. లాంతర్లో నూనె అయిపోయేలోపు ఏడో గుమ్మం దాటినవాడు మొనగాడు. ఆరేడు ఊళ్ళలోనూ అయిదో గుమ్మం దాటినవాడు లేడు.

ఒక ఊరి బస్టాండులో అయిదో గుమ్మం దగ్గర ఓడిపోయినవాడెవడో మిషన్ని ఒక్క తన్ను తన్నాడు. లోపల క్రిస్టల్ పగిలింది. క్రిస్టల్ అంటే గోరంత లోహపు డబ్బీ. బోర్డుకు గుండెకాయ. అది ఎంత వేగంగా కొట్టుకుంటే ఆట అంత వేగంగా నడుస్తుంది. కొత్తది రావడానికి నెల పడుతుందన్నారు. ఇతను చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. చచ్చిపోయిన ఇంకో బోర్డులోంచి ఒక క్రిస్టల్ పీకి ఇందులో అతికించాడు. తాత లేచి నడిచాడు.

"మొదటి క్షణంలోనే వినబడింది నాకు," అన్నాడు. "పాట కిందికి జారింది. ఆట ఎనిమిదో వంతు నిదానమైంది. నెలే కదా, సర్దుకుపోదాం అనుకున్నాను."

నెల తిరిగింది. అసలు క్రిస్టల్ చిన్న కాగితం పొట్లంలో వచ్చింది. జేబులో వేసుకుని మోపెడు మీద వెళ్ళాడు. బస్టాండు హాల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. మధ్యలో రెండు జడల పిల్ల, పద్నాలుగేళ్ళది, పెదవి కొరుకుతూ ఆడుతోంది. ఆరో గుమ్మం దాటింది. ఏడోది దాటింది. ఎవరో పిల్లని భుజాల మీదికి ఎత్తేశారు. కండక్టర్లు విజిళ్ళు ఊదారు. ఆ గోలలోనే ఒక అమ్మాయి జనాన్ని తోసుకుంటూ వచ్చి, భుజాల మీదున్న పిల్ల కాలు పట్టి కిందికి లాగి, "లెక్కల పరీక్ష పెట్టుకుని ఇక్కడ దీపాలు మోస్తున్నావా!" అని చెవి మెలేసి తీసుకుపోయింది.

"ఆ చెవి మెలేసిన అమ్మాయి..." అని ఆగాడు.

"మీ ఆవిడ," అన్నాను.

"ఆ తర్వాత నా చెవులూ చాలాసార్లు మెలేసింది లెండి," అని నవ్వాడు. "క్రిస్టల్ మాత్రం మార్చలేకపోయాను. మారిస్తే ఆ పిల్ల రెండోసారి దాటలేదు. దాటలేకపోతే మొదటిది గాలివాటం అంటారు. నెమ్మదిగా మారుద్దాంలే అనుకుంటూ ఉండగానే ఆ ఊరి అల్లుణ్ణయిపోయాను. పిల్ల మరదలైపోయింది. ఇంకేం మారుస్తాను?"

ఆ మరదలు ఇప్పుడు ఆ ఊళ్ళో డ్రైవింగు స్కూలు నడుపుతోంది. కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటి రోజు మొదటి మాట ఒకటే: "నేను ఏడో గుమ్మం దాటినదాన్ని. నీకు కారు నేర్పలేనా?" ఊళ్ళో ఆవిడ పేరే ఏడో గుమ్మం మేడమ్. ఇక ఆ పాట సంగతి సరేసరి. ఆ ఊళ్ళో పాల వ్యాను హారను అదే, పిల్లల జోలపాట అదే, పనివాళ్ళ ఈల అదే. అంతా ఎనిమిదో వంతు నిదానంగా. ఊరంతా పాడే ఆ పాటను ఈ మనిషి మాత్రం ఒక్కసారి కూడా నోట పలకలేదట. నిదానంగా పాడితే చెవి ఒప్పుకోదు, వేగంగా పాడితే గుట్టు బయటపడుతుంది.

"మరి రైలేమిటి?" అన్నాను.

"పాత ఆటలన్నీ ఇప్పటి కన్సోల్లో డౌన్‌లోడ్ చేసుకునేట్టు మళ్ళీ వదులుతున్నారు. ఇంట్లో టీవీకి పెట్టుకుని ఆడతారే, అది. పోయిన వారం మరదలి కూతురు ఫోను చేసింది: 'పెదనాన్నా, లాంతరు తాత మళ్ళీ వచ్చాడు!' అని. దింపి పెట్టారు గానీ ఎవరూ తెరవలేదు. మొదట తనే ముట్టుకోవాలని మా మరదలు హుకుం. ఇవాళ పన్నెండింటికి ముహూర్తం. డ్రైవింగు నేర్చుకునే వాళ్ళందర్నీ పిలిచింది. వచ్చేది అసలు బోర్డు వేగం, పెద్దాయనా. తను మొదటి గుమ్మం కూడా దాటలేదు."

పెట్టె తెరిచి చూపించాడు. అట్టడుగున పసుపెక్కిన కాగితం పొట్లం. ముప్పై ఒక్క ఏళ్ళుగా పెట్టె మారినా పొట్లం మారలేదు.

"కొత్త ఆటలో వేగం తగ్గించే మీట ఉందట. గంటన్నర ముందు వెళ్ళి, ఎవరూ చూడకుండా తగ్గించేద్దామని బయల్దేరాను. ఇప్పుడీ బస్సు..."

కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నా ఊరూ అది కాదు, దారీ అది కాదు. కానీ కొత్త బెల్టుతో బస్సు మళ్ళీ కదిలేసరికి నేను అతనితో ఒప్పందానికి వచ్చేశాను. అతను టీవీ దగ్గర ఉన్నంతసేపూ మరదలిని మాటల్లో పెట్టాలి.

"మీరు మాట్లాడుతూ ఉండండి, అంతే," అన్నాడు. "అది మీకు కష్టం కాదనుకుంటా."

* * *

డ్రైవింగు స్కూలూ ఇల్లూ ఒకటే. ముందు గదిలో గోడ నిండా రోడ్డు గుర్తుల పటాలు. సోఫా ఉండాల్సిన చోట పాత బస్సు సీట్లు రెండు వరసలు. పెరట్లో తెల్ల కారు, రెండు వైపులా బ్రేకులున్నది, దాని నుదుటి మీద పెద్దక్షరాలతో: నిదానమే ప్రధానం. నేనూ అతనూ ఆ మాట చదివి, ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

"వచ్చావా బావా!" అంటూ మరదలు ఎదురొచ్చింది. నలభై అయిదేళ్ళ మనిషి, నిలువెత్తు, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉంది. "మొహం ఏంటి అలా ఉంది? నువ్వు ఆడతావా నేను ఆడతానా?"

"బస్సు ఆగిపోయింది మరదలా."

"నువ్వెక్కిన బస్సు ఆగకుండా ఉంటుందా? నీ చేతి చలవకోసం దారంతా మొరాయిస్తూ ఉంటాయి. ఈయనెవరు?"

"దార్లో కలిశారు. చాలా చదువుకున్నవారు."

ముందురోజే చెల్లెలింటికి వచ్చేసిన వాళ్ళావిడ లోపల్నుంచి తొంగిచూసి, "దార్లో కుక్కపిల్లల్ని తెచ్చేవారు, ఇప్పుడు మనుషుల్ని తెస్తున్నారా?" అని, నాకేసి తిరిగి, "తప్పుగా అనుకోకండి, కూర్చోండి, టీ ఇస్తాను," అంది.

నేను కూర్చోలేదు. ఒప్పందం ప్రకారం మరదలి వెంట వంటింట్లోకి వెళ్ళాను. ఊరూరికీ వేరే గడియారాల దగ్గర మొదలుపెట్టి, ఓడల్లో గడియారాలు తడవకుండా ఎలా దాచేవారో చెప్పి, నత్తలు ఎందుకు నిదానంగా నడుస్తాయో అన్న దాకా వచ్చాను. అక్కాచెల్లెళ్ళిద్దరూ బిస్కెట్లు పళ్ళేల్లో సర్దుతూ నాకు తలలూపారు. నత్తల దగ్గర మరదలు, "అక్కా, ఈయన్ని బావకి జోడీగా దేవుడే పంపాడు. ఆయన నోరు విప్పడు, ఈయన మూయడు," అంది. గుమ్మంలో మా మనిషి కనబడ్డాడు. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు.

పక్కకు తీసుకెళ్ళి, "అయిందా?" అన్నాను.

"వంద ఉంది. తగ్గిస్తే తొంభై, ఇంకా తగ్గిస్తే ఎనభై. మధ్యలో ఏదీ లేదు. నాకు ఎనభై ఏడున్నర కావాలి."

"ఎనభై పెట్టకపోయారా?"

"మరీ ఈడుస్తుంది పెద్దాయనా. పాట పాడైపోతుంది." ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో కనిపించిన బాధ మోసానికి సంబంధించింది కాదు. "తొంభై పెట్టాను. అంతకంటే చెయ్యి రాలేదు."

పన్నెండయింది. బస్సు సీట్లు నిండిపోయాయి. అరవై ఆరేళ్ళకు కారు నేర్చుకుంటున్న టీచరమ్మ ముందు వరసలో కూర్చుంది. క్లచ్చు వదిలినప్పుడల్లా కారు ఆపేసే బేకరీ ఆయన వెనక నిలబడ్డాడు. కూతురు టీవీ వెలిగించింది. చీకటి కోట, చేతిలో దీపం, గడ్డం ముసలాయన. గదంతా "తాత!" అని ఒక్క అరుపు అరిచింది. పాట మొదలైంది.

మరదలి కనుబొమలు దగ్గరికొచ్చాయి. అయినా ఆడింది. మొదటి గుమ్మం దాటింది, రెండోది తలుపు తగులుతూ దాటింది. మూడో గుమ్మం దగ్గర తాతను తలుపు నొక్కేసింది. మళ్ళీ ఆడింది. మళ్ళీ మూడో గుమ్మమే.

"చెయ్యి తిరగాలి కదండీ, ముప్పై ఏళ్ళయింది," అంది టీచరమ్మ.

"చేతిదేం లేదు టీచర్‌గారూ. తాతే తొందరపడుతున్నాడు. వెనకెవడో తరుముతున్నట్టు. మన పాట ఇది కాదు." కూతురికేసి తిరిగింది. "ఏదైనా నొక్కావా?"

"నేనెక్కడ ముట్టుకున్నాను, ముట్టుకుంటే చేతులు విరుస్తానన్నావుగా?" అంటూ ఆ పిల్ల సెట్టింగులు తెరిచింది. తెరిచి, తెల్లబోయింది. "అమ్మా, నిజమే, ఎవరో మార్చారు. కానీ... తగ్గించారు. తొంభైలో ఉంది. అసలు వేగం వంద."

"తగ్గిస్తే తొందరగా ఎందుకుంటుందే?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. ఇదిగో, వంద విను."

వంద పెట్టింది. పాట పరుగెత్తింది. బేకరీ ఆయన, "అమ్మో, పాల వ్యాను బ్రేకులు ఫెయిలైనట్టుంది," అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వనివాళ్ళం ఇద్దరమే. గుమ్మడికాయ దొంగ ఎవరని అడగకముందే మా మనిషి భుజాలు తడుముకుంటున్నాడు. మరదలు చూపు గది చుట్టూ తిరిగి అతని దగ్గర ఆగింది.

"బావా?"

అతను రేకు పెట్టె తెరిచి, పసుపెక్కిన పొట్లం తీసి టీవీ ముందు బల్ల మీద పెట్టాడు. విప్పాడు. గోరంత లోహపు డబ్బీ, ముప్పై ఒక్క ఏళ్ళైనా మెరుపు పోలేదు.

"ఇదీ అసలుది," అన్నాడు. "మన బస్టాండు మిషన్లో నేను వేసింది వేరేది. ఆట ఎనిమిదో వంతు నిదానమైంది. ఇది పట్టుకొచ్చిన రోజే నువ్వు ఏడో గుమ్మం దాటావు. ఇక మార్చలేదు. ఇందాక వేగం తగ్గించిందీ నేనే."

చుట్టూ తిప్పకుండా, ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు. బస్సులో నాకు చెప్పడానికి గంట పట్టిన కథ.

మరదలు ఆట రిమోటు బల్ల మీద పెట్టింది. లేచి పెరట్లోకి వెళ్ళింది. కారు తలుపు పడిన చప్పుడైంది.

వాళ్ళావిడ మొగుడికేసి చూసి, "వెళ్ళండి," అంది. నాకేసి చూసి, "మీరూ వెళ్ళండి. నత్తల కథ చెప్పి నన్ను కూడా పదిహేను నిమిషాలు వంటింట్లో కట్టేశారు," అంది.

మరదలు కారులో నేర్పేవాళ్ళ సీట్లో కూర్చుని ఉంది. అతను నేర్చుకునేవాళ్ళ సీట్లో, స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను వెనక. నాకు కూడా చెప్పడానికి ఏమీ తోచలేదంటే పరిస్థితి ఊహించుకోండి.

"ముప్పై ఒక్క ఏళ్ళు బావా," అంది చివరికి. "వచ్చిన ప్రతివాడికీ చెప్పాను."

"చెప్పావు."

"నా పెళ్ళిచూపుల్లో కూడా చెప్పాను. నువ్వు పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"ఎలా విన్నావు?"

"చెవి మూసుకోవడం నాకు చేతకాదు మరదలా. విన్నాను. విన్న ప్రతిసారీ ఇప్పుడు చెప్పేద్దాం అనుకున్నాను. నువ్వు ఆ మాట చెప్పేటప్పుడు నీ మొహం చూస్తే నోరు పెగిలేది కాదు."

ఆవిడ ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తూ, "మిగతా ఊళ్ళలో ఎవరూ దాటలేదు," అంది.

"అయిదోదే దాటలేదు."

"వాళ్ళకి టైము లేదు. నాకుంది."

"నీకుంది. అయినా మన ఊళ్ళో ఆ నెలంతా ఎంతమంది ఆడారు? వందల మంది. అందరికీ అదే నిదానం. దాటింది నువ్వొక్కదానివే."

మరదలు కాలి కింద తన బ్రేకును ఊరికే ఒకసారి నొక్కి వదిలింది. కారు నడవడం లేదు, అయినా అతని కాలి కింద బ్రేకూ కదిలింది. ఆ చప్పుడుకి ఇద్దరూ కిందికి చూశారు. ఆవిడ మొహంలో ఏదో సడలడం అద్దంలోంచి నాకు కనబడింది.

"ఈ బ్రేకు ఎందుకు పెట్టించాను నేను?" అంది, పాఠం చెప్పే గొంతుతో. "మొదటి రోజే ఎవర్నీ పెద్ద రోడ్డెక్కించను. ఖాళీ మైదానంలో, పది వేగంలో తిప్పుతాను. అలా నేర్చుకున్నవాడిది డ్రైవింగు కాదంటానా?"

"అనవు."

"అనను. కానీ లైసెన్సు పరీక్ష మాత్రం అసలు రోడ్డు మీదే," అంది. తలుపు తీసుకుని దిగింది. దిగి, కిటికీలోంచి తల పెట్టి, "నీకు శిక్ష ఏంటో తెలుసా? నేను ఏడో గుమ్మం దాటేదాకా ప్రతి ఆదివారం ఇక్కడికి రావాలి. వచ్చి పక్కన కూర్చోవాలి. నువ్వు కూడా ఆడాలి."

"నేనా? నాకు రాదు మరదలా! జీవితంలో ఆడలేదు."

"మిషన్లు బాగుచేశాక పరీక్ష చూసేవాడివిగా?"

"మొదటి గుమ్మం ఒక్కటే. అది దాటితే అన్నీ పనిచేస్తున్నట్టు లెక్క. కట్టేసి వెళ్ళిపోయేవాణ్ణి."

"ఏ వేగంలో?"

అతనికి అప్పుడు వెలిగింది. మిగతా ఊళ్ళ మిషన్లన్నీ వందలో ఉండేవే కదా!

ఆ తర్వాత జరిగింది చూడ్డానికే నేను ఇంత దూరం వచ్చాననుకుంటాను. మరదలు వంద వేగంలో మొదటి గుమ్మం దగ్గరే మూడుసార్లు తాతను చంపింది. టీచరమ్మ ప్రతిసారీ "అయ్యో" అంది, బేకరీ ఆయన మాత్రం ఎంతో హాయిగా కనిపించాడు. "మేడమ్, నెమ్మదిగా క్లచ్చు వదలండి," అన్నాడు. రెండు నెలలుగా కారులో తిన్న చీవాట్ల బాకీ ఒక్క మాటతో తీర్చుకున్నాడు.

"బావా, పట్టుకో."

అతను రిమోటును పాము పిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నిజంగానే మూసుకున్నాడు. పాట విన్నాడు. తాత నడిచాడు, వంగాడు, గెంతాడు, మొదటి గుమ్మంలోంచి తలుపు తగలకుండా దాటాడు. గది పెచ్చులూడేలా అరిచింది. కళ్ళు తెరిచిన మనిషి రెండో గుమ్మం ముందు అడుగు కూడా వెయ్యలేక అక్కడే ఓడిపోయాడు.

"తర్వాతదెప్పుడూ చూడలేదుగా," అన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా.

"ఎలా దాటావో చెప్పు!" అని మరదలు భుజం పట్టి ఊపింది.

"తలుపును చూడకు. చూసి కదిలితే ఆలస్యమైపోతుంది. పాటలో మూడో దెబ్బ పడుతుంది చూడు, అప్పుడు గెంతు. విను, ఇదిగో... ఇదిగో... ఇప్పుడు!"

వాళ్ళావిడ టీ కప్పులతో వచ్చి, గోడకానుకుని నిలబడిపోయింది. "ముప్పై ఏళ్ళు కాపురం చేశాను," అంది నాతో మెల్లగా. "ఈయన ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం ఇదే చూడ్డం."

"మీకు తెలుసా ఈ సంగతి?" అన్నాను.

"ఏదో ఉందని తెలుసు. ఊరంతా పాడే పాట ఒక్క మనిషి పాడట్లేదంటే తెలియదా? క్రిస్టల్ అని తెలియదు. నేనింకా మా చెల్లెలి గొంతు నచ్చదేమో అనుకున్నాను."

టీలు రెండుసార్లు తిరిగాయి. డ్రైవింగు పాఠాలు ఆ రోజుకి రద్దయ్యాయి. మరదలు మొదటి గుమ్మం దాటింది, రెండోది దాటింది, మూడోది మూడు గంటలకు దాటింది. నాలుగో గుమ్మం ముందు ఆవిడా కళ్ళు మూసుకుంది. తాత నాలుగో గుమ్మంలోకి అడుగుపెట్టగానే టీచరమ్మ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది, అరవై ఆరేళ్ళ మనిషి బస్సు సీటెక్కి మరీ. అయిదో గుమ్మం దగ్గర లాంతర్లో నూనె అయిపోయింది. తెర మీద చీకటి పడింది.

"అయిదు, ఆరు, ఏడు," అని వేళ్ళు లెక్కపెట్టింది మరదలు. చెమట పట్టిన మొహం వెలిగిపోతోంది. "మూడు మిగిలాయి. ఎన్ని ఆదివారాలు పడుతుందంటావు?"

"తొందరేముంది?" అన్నాడు అతను.

"నిదానమే ప్రధానం," అంది కూతురు. ఈసారి అందరం నవ్వాం, నేరస్తుడితో సహా.

మరదలు బల్ల మీది క్రిస్టల్‌ను తీసి, కారు తాళాల గుత్తికున్న చిన్న డబ్బాలో వేసి మూత బిగించింది. తాళాలు ఊపి చెవి దగ్గర పెట్టుకుంది. "రేపట్నించి కొత్తవాళ్ళకి ఏం చెబుతానో తెలుసా? నిదానంగా ఏడు దాటాను, వేగంగా నాలుగు దాటాను, రెండిటికీ కారణం మా బావే అని."

* * *

సాయంత్రం అతను నన్ను బస్టాండు దాకా దింపడానికి వచ్చాడు. లాంతరు తాత మిషను ఒకప్పుడు నిలబడిన మూల చూపించాడు. ఇప్పుడక్కడ చల్లటి సీసాలు అమ్మే మిషను ఉంది. అద్దం వెనక రంగురంగుల సీసాలు, లోపల మోటారు రొద.

బెంచీ మీద కూర్చున్నాం. నాకు అడగాలనిపించిన ప్రశ్న ఒకటుంది. ఎన్నో పుస్తకాల్లో ఎంతోమంది తప్పుల గురించి చదివాను. తప్పు చేసినవాడు కుమిలిపోతాడు, లేదా పారిపోతాడు. ఆ తప్పు చుట్టూ ఒక ఊరు పాటలు కట్టుకోవడం, వీడు అందులోనే ఇల్లాలిని వెతుక్కోవడం ఎక్కడా చదవలేదు.

"ఒక మాట చెప్పండి," అన్నాను. "ఆ రోజు జనం లేకుండా, హాలు ఖాళీగా ఉండి ఉంటే, మీరు ఆ క్రిస్టల్ మార్చేసి ఉంటే..."

అతను చెయ్యి ఎత్తాడు. ఆగమన్నట్టు. తల కొంచెం పక్కకు వాల్చాడు.

నేను ఆగాను. ఏం జవాబు చెబుతాడోనని చూశాను. అతను నాకేసి చూడలేదు. లేచాడు, రేకు పెట్టె తీసుకున్నాడు, హాలు అడ్డంగా దాటి సీసాల మిషను దగ్గరికి నడిచాడు. దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆనించాడు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

నా బస్సు వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని చూస్తే, అతను అప్పటికే వెనక రేకు విప్పేసి లోపలికి తల దూర్చాడు. బస్సు అతని పక్కగానే తిరిగింది. మోటారు రొద మధ్య ఈల వినబడింది. లాంతరు తాత పాట. ఊరి జనం పాడినట్టే నిదానంగా మొదలైంది. బస్సు గేటు దాటేసరికి వేగం అందుకుంది.